మ్యాపులో పచ్చగా ఉన్న ఊరు

నేను సెల్‌ఫోన్ సిగ్నల్ కొలిచే పని చేసేదాన్ని. మదనపల్లెలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఉద్యోగం. కొత్తగా కట్టిన టవరు ఎంతమేర పనిచేస్తోందో తిరిగి చూసి కంపెనీకి రిపోర్టు ఇవ్వాలి. జీపులో ముందు సీటు నాది. ఒళ్లో ల్యాప్‌టాప్, దానికి తగిలించిన నాలుగు ఫోన్లు. బండి కదిలితే ఫోన్లు వాటంతటవే కాల్స్ చేస్తూ ఉండేవి, మేం పోయిన దారి తెర మీద గీతలా పడేది. సిగ్నల్ బాగుంటే పచ్చ, అంతంతమాత్రమైతే పసుపు, లేకపోతే ఎరుపు. ఆ గీతలన్నీ కలిస్తే మ్యాపు. అది చూసే పైవాళ్లు ఫలానా ఊరికి ఫోన్ అందింది అని రాసుకుంటారు.

జీపు నడిపే ఆయన మదనపల్లె మనిషి. వాళ్ల నాయనకు రేడియోలు బాగుచేసే అంగడి ఉండేదట. నేను భాయ్ అని పిలిచేదాన్ని, ఆయన నన్ను అమ్మా అనేవాడు.

ఒకరోజు పుంగనూరు దాటి కొండల వైపు వెళ్లాం. గట్టు మీద కొత్త టవరు, దాని పక్కగా తారు రోడ్డు. మాకిచ్చిన రూట్ షీటులో ఆ రోడ్డు ఒక్కటే ఉంది. గీత నిండు పచ్చగా పడుతోంది. ఒక మలుపు దగ్గర పెద్ద బండ మీద ముప్పై నలభై మంది కనిపించారు. ఏమిటో అని బండి ఆపించాను.

రేషన్ డీలరు వేలిముద్రలు తీసుకుంటున్నాడు. ఊరు కింద పల్లంలో ఉంది. అక్కడ సిగ్నల్ లేక మిషను పనిచేయదు. అందుకని నెలనెలా ఊరంతా ఈ బండ ఎక్కి వేలిముద్ర వేసి, మళ్లీ కిందికి దిగి బియ్యం తీసుకుంటారు. మోకాళ్లు వంగని ఒక ముసలామెను ఇద్దరు ఆడవాళ్లు రెక్కలు పట్టి దించుతున్నారు. టవరు వచ్చాక కూడా ఇంతేనా అవ్వా అని అడిగాను.

"మా వాకిట్లో నిలబడితే కనిపిస్తాది పాపా," అందామె. "దినామూ సూస్తానే ఉండాము. సూసేదానికే పెట్టినట్టుండారు."

వెక్కిరింపుగా అనలేదు. ఉన్నమాట చెప్పింది. ఊళ్లోకి పోదామని భాయ్‌తో అన్నాను. షీట్లో లేదే అని ఒక్క క్షణం ఆలోచించి, స్టీరింగ్ మట్టిదారి వైపు తిప్పాడు. దిగేకొద్దీ గీత పసుపుకు మారింది. మొదటి ఇల్లు వచ్చేసరికి ఎరుపు. జీపు దిగి, ఫోన్లు చేత్తో పట్టుకుని వీధివీధీ నడిచాను. బడి దగ్గర, పాల కేంద్రం దగ్గర, వంక అవతల ఇరవై ఇళ్ల కాలనీలో. టవరు కనిపిస్తూనే ఉంది, దాని యాంటెన్నాలు మాత్రం రోడ్డు వైపే తిప్పి ఉన్నాయి. ఒక్క కాల్ కూడా కలవలేదు.

మాది తంబళ్లపల్లె దగ్గర మెట్ట పల్లె. మా అమ్మ శనక్కాయ చేలల్లో కూలికి పోయేది. అప్పట్లో ఊళ్లో ఒకే ఒక ఫోను, చేను యజమాని ఇంట్లో. బెంగళూరులో పనికి పోయిన మామ ఫోన్ చేస్తే అమ్మకు కబురు వచ్చేది. కానీ మమ్మల్ని గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు. రిసీవరును కిటికీ దాకా లాగి ఊచల మధ్యనుంచి ఇచ్చేవాళ్లు. తీగ పొడవు చాలేది కాదు. అమ్మ మునివేళ్ల మీద నిలబడి, చెంప ఊచలకు ఆనించి, అరిచి మాట్లాడేది. ఇంట్లో వాళ్లంతా వినేవాళ్లు. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమాలో చేరింది పై చదువుల మీద మోజుతో కాదు. ఆ తీగ ఎవరి చేతిలో ఉంటుందో తెలుసుకోవాలని.

మరుసటి రోజు మేనేజరు ఫైళ్లు చూసి నన్ను పిలిచారు. ఊరి ఫైలు తీసేసి, రోడ్డు మీద కొలిచింది మాత్రం పంపమన్నారు. నెలాఖరుకు ఆ ఊరిని అందిన ఊళ్ల లెక్కలో చూపించాలట. రోడ్డు మీద కొలిచి ఊరికి అందిందని ఎలా రాస్తారు అని అడిగాను.

"మనది కొలిసే పని. రాసేది వాళ్లు," అన్నారాయన. "షీట్లో లేని దావలో నిన్ను పొమ్మనిందెవరు?"

"రిపోర్టు కింద నా పేరుండాది సార్. నా పేరు పెట్టి ఆ ఊరికి పచ్చ రంగు పూసేది లేదు."

ఆయన కోప్పడలేదు. బాగా ఆలోచించుకోమన్నారు. ఆలోచించుకునే వచ్చానన్నాను. రిపోర్టు వేరొకరి పేరుతో పోయింది. నన్ను కొలిచే పని నుంచి తప్పించి, కేబుల్ పని చూడమని కుప్పం వేశారు. అంత దూరం రోజూ తిరగలేక నేనే మానేస్తానని వాళ్ల లెక్క. నేను కుప్పంలో గది తీసుకున్నాను. ఒకే మనిషి తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగించే ఆ ఊళ్లో, గ్రానైట్ ఫ్యాక్టరీల పక్కన స్తంభాలెక్కి, వెంట్రుకంత సన్నని గాజు తీగలు అతకడం నేర్చుకున్నాను.

ఆదివారం వస్తే పుంగనూరు బస్సెక్కేదాన్ని. ఆఫీసు ఫైళ్లు ఆఫీసువి, వాటి జోలికి పోలేదు. ఊరివాళ్లనే కొలవమన్నాను. పది చోట్లు ఎంచాం. రోజుకు మూడుసార్లు ఎవరో ఒకరు అక్కడ నిలబడి ఫోన్ చేసి, కలిసిందీ కలవనిదీ నోటుబుక్కులో రాసి సంతకం పెట్టాలి. అవ్వకు రాయడం రాదు. తన వాకిట్లో కలవనప్పుడల్లా మనవరాలి చేత ఎర్ర స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టించేది. నెల తిరిగేసరికి ఆమె పేజీ అమ్మవారు పోసినట్టు చుక్కలతో నిండిపోయింది.

ఆ పుస్తకాలు పట్టుకుని కలెక్టరు ఆఫీసులో అర్జీలు తీసుకునే రోజు వెళ్లాం. మీ ఊరు అందిన ఊళ్ల జాబితాలో ఉంది, ఇక సమస్య ఏముంది అన్నారు. ఒకసారి వచ్చి ఆ ఊళ్లోంచి మీ ఇంటికి ఫోన్ చేయండి, కలిస్తే అర్జీ చించేసుకుంటాం అన్నాను. మూడుసార్లు తిప్పుకున్నారు. నాలుగోసారి ఒక అధికారి వచ్చాడు. కంపెనీ తరఫున మా మేనేజరూ వచ్చారు.

అధికారి బడి దగ్గర నిలబడి ఫోన్ తీశాడు. పైకెత్తాడు, పక్కకు తిప్పాడు, స్విచాఫ్ చేసి మళ్లీ ఆన్ చేశాడు. పరిస్థితి తన పై అధికారికి అప్పటికప్పుడు చెప్పాల్సి ఉందట, కానీ ఫోన్ కలవదు. ఊరంతా చూస్తోంది. అవ్వ ముందుకొచ్చింది.

"మాట్లాడాలంటే ఆ బండెక్కాల నాయనా. రా, దావ సూపిస్తా."

ఆయన ఎక్కాడు. బూట్లతో ఒకచోట జారి, చేతులు ఆనించి లేచాడు. ఎవరూ నవ్వలేదు. పైకి చేరి ఆయన ఫోన్ చెవికి పెట్టుకునే దాకా అవ్వ కిందనే నిలబడి చూసింది. మేనేజరు నా పక్కకొచ్చి, గెలిచినావులే అన్నారు మెల్లగా. ఇంకా సిగ్నల్ రాలేదు సార్ అన్నాను.

ఆ ఏడు నా కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం రాయలేదు, నేను అడగనూ లేదు. కుప్పంలోనే ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చే ఒకాయన దగ్గర చేరాను, ఇప్పటికీ అదే పని. మరుసటి వేసవికి ఆ ఊరి నీళ్ల ట్యాంకు పక్కన చిన్న టవరు నిలబెట్టారు. రేషన్ మిషను ఇప్పుడు ఊళ్లోనే పనిచేస్తోంది. ఈసారి అవ్వ తన వాకిట్లో కూర్చుని వేలిముద్ర వేసిందని భాయ్ చెప్పాడు.

వంక అవతలి కాలనీకి మాత్రం ఇంకా అందలేదు. కూలి చేసుకునేవాళ్ల ఇళ్లు. కొలిచేవాళ్లు వంక దాటరు. వాళ్ల చేతా పుస్తకం రాయించాను. అది పట్టుకుని పోయిన నెల మళ్లీ ఆఫీసుకెళ్తే, గుమాస్తా పేజీలు తిప్పుతూ ఆ కాలనీకి నువ్వేమవుతావు, నీది ఆ ఊరు కాదు కదా అని అడిగాడు.

"నాది కాదు. ఆడ కొలిసినాను, లేదు. ముందు అర్జీ తీసుకోప్పా."

తీసుకున్నాడు. రసీదు కూడా ఇమ్మన్నాను. స్టాంపు సరిగా పడలేదని చెప్పి, రెండోసారి వేయించుకుని వచ్చాను.