పక్క తడిపే పిల్ల, ఒక సాక్ష్యం

మా అమ్మాయికి గురుకులంలో ఐదో తరగతి సీటు వచ్చిందని ఫోన్‌లో మెసేజ్ చూసినప్పుడు నేను మిషన్ మీద ఒక జాకెట్టు చేతులు అతుకుతున్నాను. ఆ సంబరంలో కుడిచెయ్యి ఎడమవైపు, ఎడమచెయ్యి కుడివైపు కుట్టేశాను. మొత్తం విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది. అయినా కోపం రాలేదు. నాకు కోపం రాకపోవడం ఎంత పెద్ద సంగతో మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు.

మా చర్చి సంఘంలో మేలు పొందినవాళ్ళు నలుగురిలో లేచి నిలబడి ఆ మేలు చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటారు. నేను లేచి నిలబడి మాట్లాడితే పోట్లాటకు వచ్చినట్టుంటుంది. అందుకే ఇలా రాసుకుంటున్నాను.

మాది బూర్గంపాడు. ముందు గదిలో నా కుట్టుమిషను, వెనక గదిలో మేం నలుగురం: నేను, మా ఆయన, మా అత్తమ్మ, పిల్ల. మా ఆయనకు మోటార్లు వైండింగ్ చేసే షాపుంది. రైతుల బోరు మోటార్లు కాలిపోయే ఎండాకాలమే మాకు పంటకాలం. ఇంత ఇరుకింట్లో, నా మిషను చప్పుడులో చదివి సీటు తెచ్చుకున్న పిల్ల, సంగతి చెప్పగానే గంతులేస్తుందనుకున్నాను. అది నా ముఖం వంక కూడా చూడకుండా, "నేను పోను మమ్మీ" అంది.

ఎందుకు పోనంటుందో ఇంట్లో అందరికీ తెలుసు. పదో ఏడు నడుస్తున్నా పిల్ల పక్క తడుపుతుంది. రోజూ కాదు గానీ, ఏ రోజు తడపదో ముందే చెప్పలేం. హాస్టల్లో ఒకే హాల్లో అంతమంది ఆడపిల్లల మధ్య పడుకోవాలి. పొద్దున లేచేసరికి పక్క తడిసి ఉంటే ఆ పిల్ల గతేం కావాలి? చదువులో ఎంత ముందున్నా పేరు మాత్రం అదే పడిపోతుంది.

అప్పటిదాకా చేయని ప్రయత్నం లేదు. నువ్వులు బెల్లం ఉండలు తినిపిస్తే తగ్గుతుందన్నారు, తినిపించాం. పిల్ల ఒళ్ళు చేసింది గానీ పక్క తడవడం ఆగలేదు. నిప్పుతో ఆడే పిల్లలు పక్క తడుపుతారని పక్కింటావిడ చెబితే పొయ్యి దగ్గరకే రానివ్వలేదు. మాకు గ్యాస్ పొయ్యి, దాంతో ఎవరాడతారు? దర్జీదాన్ని గనుక రెగ్జిన్ గుడ్డ మీద పాత చీర వేసి నేనే పక్కబట్టలు కుట్టాను. వాటిని వీధిలోకి కనపడకుండా పెరటి గోడ లోపలివైపు ఆరేసేవాళ్ళం. మా అత్తమ్మ మాత్రం మొదటినుంచీ ఒకటే మాట: "పోతది బిడ్డా. పెరుగుతుంటే అదే పోతది." నీకెట్ల తెలుసని గయ్యిమనేదాన్ని. ఆమె నవ్వి, తడిసిన బట్టలు బకెట్లో వేసుకుని బోరింగ్ దగ్గరకు పోయేది.

హాస్టల్లో చేరడానికి ఇంక నెలన్నర ఉందనగా మా అత్తమ్మకు ఒక ఆలోచన తోచింది. ఆ శుక్రవారం సాయంత్రం మా ఇంట్లోనే ప్రార్థన కూటం. పాస్టరమ్మను వంటింటి గుమ్మం దగ్గరకు పిలిచి చెవిలో ఏదో చెప్పింది. సీటు వచ్చినందుకు కృతజ్ఞత చెప్పించుకుంటుందేమో అనుకుని నేను గుగ్గిళ్ళు తాలింపు వేసుకుంటున్నాను.

గది నిండా మనుషులు. చాపల మీద ఆడవాళ్ళు, అరువు తెచ్చిన కుర్చీల్లో పెద్దవాళ్ళు. పిల్ల క్లాసులోనే చదివే ఎదురింటి అమ్మాయి, వాళ్ళమ్మ కూడా వచ్చారు. మా ఆయన ఎప్పటిలాగే గుమ్మం బయట, చెప్పుల పక్కన కూర్చున్నాడు. పెళ్ళై ఇన్నేళ్ళలో ఆయన ఏ కూటంలోనూ నోరు తెరిచి ఎరుగడు. పాట పాడమన్నా పెదాలే కదుపుతాడు.

పాటలయ్యాయి, బైబిలు వాక్యం చదవడం అయింది. అందరం కళ్ళు మూసుకున్నాం. పాస్టరమ్మ మంచి మనిషి, గొంతు కూడా మంచిది, వీధి చివర దాకా వినిపిస్తుంది. "ప్రేమగల తండ్రీ, ఈ చిన్నబిడ్డకు పెద్ద బడిలో సీటు దయచేసినందుకు నీకు స్తోత్రములు చెల్లించుచున్నాము" అని మొదలుపెట్టింది. నేను ఆమేన్ అన్నాను. "అయ్యా, ఈ బిడ్డ రాత్రివేళ పక్క తడుపుచున్నది. ఇకమీదట ఆ తడి ఆగిపోవునట్లు నీ చెయ్యి చాపుము."

గదంతా ఆమేన్ అంది.

కళ్ళు తెరిచేసరికి ఎదురింటి అమ్మాయి మా పిల్లను చూస్తోంది. మా పిల్ల ఏడవలేదు. లేచి, చాపలు తొక్కకుండా జాగ్రత్తగా నడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, బియ్యం డ్రమ్ము వెనక కూర్చుంది. అది ఏడ్చినా బాగుండేది. ఇక హాస్టల్ మాట దేవుడెరుగు, రేపటినుంచి వీధిలోకి కూడా రాదనిపించింది. మా అత్తమ్మ నా చెవి దగ్గరకు వంగింది. "నేను చెవిల చెప్పిన బిడ్డా. ఆమె ఊరికి చెప్పింది" అంది నాతో మెల్లగా. నాకు అప్పుడు వచ్చిన కోపానికి ఆ గుగ్గిళ్ళ గిన్నె ఎవరి నెత్తిన పడేదో చెప్పలేను.

పాస్టరమ్మకు ఇదేమీ తెలియదు. ప్రార్థన అవగానే అలవాటు ప్రకారం, "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి" అంది. గుమ్మం దగ్గర చెప్పుల అలికిడయింది. మా ఆయన లేచి నిలబడ్డాడు.

"అందరికీ వందనాలు" అన్నాడు. దగ్గి మళ్ళీ మొదలుపెట్టాడు. "నేను ఎన్నడు సాక్ష్యం చెప్పలే. నా బిడ్డకు ఉన్న ఇబ్బంది నాకుండె. నాది దానికన్న ఎక్కువ. ఏడో తరగతి దాంక ఉండె."

మా ఆయన తలుపు చెక్క పట్టుకుని, ఎవరి వంకా చూడకుండా మాట్లాడాడు.

"పెనుబల్లిల మా మేనమామ ఇంట్ల పెండ్లి. చుట్టాల పిల్లలమంత ఒక్క వరుసల పండుకున్నం. పొద్దుగాల మెలకువొచ్చేసరికి నా బొంత తడిసున్నది. ఏం చెయ్యాల్నో తెల్వక గట్లనే పండుకున్న. మా అమ్మొచ్చి చూసింది. ఒక్క మాటనలే. పోయి నీళ్ళ బిందె తెచ్చి నా మీద, నా పక్కపొంటి ఉన్నోళ్ళ మీద బోర్లించింది. అందరు లేచి లొల్లి పెట్టిన్రు. బిందె జారింది, నేనేం చెయ్య అన్నది. మా మేనమామ పదిమందిల ఆమెను తిట్టిండు, కండ్లు కనపడ్తలేవా అని. ఆమె నవ్వుకుంట ఊరుకున్నది. గట్ల ఎన్ని బిందెలు జారినయో నాకు యాదికి లేదు. నేను ఎవరికీ చెప్పొద్దని ఆమెతోని ఒట్టేయించుకున్న. ఈ రోజు దాంక ఆమె చెప్పలే, నేను చెప్పలే. నా భార్యకు గూడ చెప్పలే. ఆ బిందె జారలేదు. మా అమ్మ అబద్ధం చెప్పింది నా కోసం. దేవుడు నాకు చేసిన మేలు అదే. గంతే. వందనాలు."

ఆయన కూర్చున్నాడు. మా అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెరుగుతుంటే అదే పోతుందన్న ఆ మాట వెనక ఇంత కథ ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఆమె మీద ఉన్న కోపం ఎటు పోయిందో తెలియదు. ఆమె పక్కకు జరిగి కూర్చుని భుజానికి భుజం ఆనించాను, అంతకన్నా చేతకాలేదు.

ఆ తర్వాత జరిగింది ఏ కూటంలోనూ చూడలేదు. ఎదురింటావిడ గొంతు సవరించుకుని, "మా చిన్నోడు ఇప్పటికీ తడుపుతడు. దాచుకుంటున్నం" అంది. వాళ్ళమ్మాయి తలదించుకుంది. ఇంకో ఆవిడ, ఆర్మీలో పనిచేసే తన కొడుకు తొమ్మిదేళ్ళ దాకా అంతేనంది. కుర్చీలో కూర్చున్న ఒక ముసలాయన, మీసం చూస్తేనే పిల్లలు పారిపోతారు, "అప్పట్ల మాకు పక్కలెక్కడివి, గడ్డి మీద పండుకునేటోళ్ళం, తడిసినా ఎవలు చూసిన్రు" అన్నాడు. అందరూ నవ్వారు. పాస్టరమ్మ కూడా నవ్వి, తర్వాత వంటింటి వైపు చూసి, చేసిన పని అర్థమై ముఖం చిన్నబుచ్చుకుంది. ఇన్ని ఇళ్ళలో ఇన్ని పెరటి గోడల లోపల ఇన్ని బొంతలు ఆరుతున్నాయని అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు. కూటం అయ్యాక ఇద్దామని కాచిన చాయ్ చల్లారిపోయింది.

ఎప్పుడు వచ్చిందో, పిల్ల వాళ్ళ నాన్న పక్కన చెప్పుల దగ్గర కూర్చుని ఉంది.

"డాడీ, ఏడో తరగతి ఎప్పటిదాకా?"

"దసరా సెలవుల దాంక."

పిల్ల లెక్క వేసుకుంది. "అయితే నాకింక మస్తు టైముంది" అంది.

ఆ మరుసటి వారంలోనే గోదావరి బ్రిడ్జి దాటి భద్రాచలంలో పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్ళాం. దీనికి డాక్టరేందని ఇన్నేళ్ళూ అనుకున్నది నేనే. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా?" మా ఆయన బళ్ళో పిల్లాడిలా చెయ్యెత్తాడు. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు రావడం మామూలేనని, ప్రతి క్లాసులోనూ ఇలాంటి పిల్లలుంటారని, ఎవరూ చెప్పుకోరు గనుక ఎవరికి వాళ్ళు తామొక్కరమే అనుకుంటారని ఆవిడ చెప్పింది. కొందరికి నిద్ర మొద్దుగా ఉంటుంది, మూత్రం సంచి నిండిన సంగతి ఒళ్ళు చెబుతున్నా మెలకువ రాదు. రాత్రిపూట మూత్రం తక్కువ తయారుకావడం కొందరి ఒంటికి ఆలస్యంగా అలవాటవుతుంది. బద్ధకమూ కాదు, పొగరూ కాదు, తిడితే తగ్గేదసలే కాదు. తిడితే అన్నప్పుడు ఆవిడ నా వంకే చూసింది. నా ముఖంలో ఏం కనిపించిందో మరి.

తర్వాత, పిల్లకు విరేచనం రోజూ అవుతుందా అని అడిగింది. వచ్చింది ఒకదానికైతే అడిగేది ఇంకోటేంది అనుకున్నాను. కడుపులో గట్టిపడి అడ్డం ఉంటే మూత్రం సంచి మీద ఒత్తిడి పడుతుందట. అప్పుడు పిల్ల నోరు విప్పింది. బళ్ళో బాత్రూమ్ తలుపుకు గడియ లేదు. అందుకని పొద్దుటినుంచి నీళ్ళు తాగదు, ఒంటికి రెంటికి వెళ్ళదు. ఇంటికి వచ్చి సాయంత్రం చెంబులకు చెంబులు తాగుతుంది. సెలవుల్లోనూ అదే అలవాటు. బాటిల్ ఖాళీగానే వచ్చేది మమ్మీ, చెట్లకు పోసేదాన్ని, అంది. బడి ముందు మందారం చెట్టు అంత ఏపుగా ఎందుకుందో అప్పుడు తెలిసింది.

మూత్రం పరీక్ష చేయించి, వేరే జబ్బేదీ లేదని చెప్పి పంపారు. పగలు నీళ్ళు బాగా తాగడం, పొద్దు పోయాక తగ్గించడం, పడుకోబోయే ముందు వెళ్ళిరావడం, ఆకుకూరలు, అరటిపళ్ళు. తోటకూర ఎన్ని రకాలుగా వండవచ్చో మా అత్తమ్మ దగ్గర ఆ వేసవిలో నేర్చుకున్నాను. తగ్గింది. పూర్తిగా పోలేదు. ఇంకా తగ్గకపోతే మాత్రలున్నాయని డాక్టరమ్మ అంది గానీ, తొందరేం లేదంది.

చేరాల్సిన రోజు రానే వచ్చింది. పోతావా పోవా అని మేం అడగలేదు. పిల్లే ట్రంకుపెట్టె సర్దుకుంది. రెగ్జిన్ పక్కబట్టలు అడుగున పెట్టింది. కొత్తగూడెం దాకా బస్సులో నేను వార్డెన్ మేడంకు ఎలా చెప్పాలా అని మనసులో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. పక్కకు పిలవాలి, మెల్లగా చెప్పాలి, పిల్ల వినకూడదు, మిగతా తల్లులు వినకూడదు. కోపం వస్తే దొర్లే మాటలు, అవసరానికి ఒక్కటీ రాలేదు.

హాస్టల్ వరండాలో వరుస కట్టి ఉన్నారు. మా వంతు వచ్చింది. నేను టేబుల్ మీదకు వంగి, "మేడం, ఒక చిన్న విషయం, కొంచెం పక్కకు" అంటుండగానే పిల్ల నా కొంగు పట్టి వెనక్కి లాగింది.

"నాకు అప్పుడప్పుడు పక్క తడుస్తది మేడం" అంది. గుసగుసగా కాదు, మామూలుగా. "మా డాడీకి గూడ ఉండెనంట. పోతదంట."

మా వెనక వరుసలో ఎవరో తల్లి మాట్లాడుతున్నది ఆపేసింది. మా ఆయన తల దించుకోలేదు, అవునన్నట్టు ఊపాడు. వార్డెన్ మేడం రాస్తున్న పెన్ను ఆపి పిల్లను చూసింది.

"బాత్రూమ్ పక్కపొంటి వరుస చూసినవా, కింది మంచాలు? అండ్ల రెండు నీ లెక్కటోళ్ళతోనే నిండినయ్. మూడోది నీది" అంది. "ముందుగాల పోయి పెట్టె పెట్టుకో, జల్దీ, ఇంకొకరెవరన్న అడుగుతరు."

పిల్ల మా వైపు చూడకుండానే పరుగెత్తింది.