లొట్టికి చెవి పెట్టే చాచా

తిండి, కల్లు రుచులు చూపిస్తానని కరీంనగర్ నుంచి మంచిర్యాల దాకా మమ్మల్ని వ్యానులో తిప్పిన చాచా జన్మలో కల్లు ముట్టలేదు. లొట్టికి, అంటే కల్లు కుండకి, చెవి ఆనించి, లోపలి నురగ చప్పుడు విని రుచి చెప్పేవాడు.

సర్వపిండి తిన్నాక తాటివనంలో కూర్చున్నాం. కల్లు గీసే గౌడన్న లొట్టి మా ముందు పెట్టి, "పొద్దుగాల దించిందే" అన్నాడు.

చాచా చెవి పెట్టి తల అడ్డంగా ఊపాడు. "నిన్నటిది కలిసింది."

"తాగనోనికేం ఎర్క? తప్పయితే గీ బండి తిప్పుడు బంజేస్తవా?" నిలదీశాడు గౌడన్న.

"చేస్త. పప్పు ఉడికిందో లేదో మీ అవ్వ చప్పుడు వినే చెప్తది గద."

అందరూ నా వైపు చూశారు. తాగాను. పులుపుకు నా రెండు కళ్లూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. గౌడన్న నవ్వేసి ఇంకో లొట్టి తెచ్చాడు.

తిరుగుదారిలో చాచా రుమాలు తడిపి చెవిని గట్టిగా తుడుచుకుంటున్నాడు.

"నువ్వు తాగనే లేదు గద చాచా, ఫికరెందుకు?"

"వాసనొస్తే, తాగలేదంటే మీ చాచి నమ్మాలె గద. నువ్వొచ్చి చెప్తవా?"

నా మాట నమ్మే మనిషి జిల్లాలోనే లేడు. నా రుమాలు కూడా తడిపి ఇచ్చాను.