నాయిన మనాది

ఆ ఏడు కృష్ణకు వరద నిండుగా వచ్చి, నెమ్మదిగా తీసింది. బీచుపల్లి దిగువన మా ఊరి రేవులో నాయిన గుండ్రటి పడవ, పుట్టి, బోర్లా పడి ఉండేది. వయసంతా ఆ పుట్టిలోనే చేపలు పట్టిన మనిషి, అరవై దాటాక ఒకనాడు వల అల్లుతూ అల్లుతూ మధ్యలో వదిలేసి, లోపలికి వెళ్లి పడుకున్నాడు.

వనపర్తిలో కాపురముండే నేను వెళ్లేసరికి అలాగే ఉన్నాడు. ఏమడిగినా అవతలి ఒడ్డు నుంచి పలికినట్టు ఆలస్యంగా పలికేవాడు. పొద్దున్నే ఏటి మంచు ఇంట్లోకి వచ్చేది. అందులో అమ్మ పొయ్యి పొగ, గిన్నెల చప్పుడు, నాయిన దగ్గు అన్నీ ఎక్కడో దూరాన జరుగుతున్నట్టుండేవి. ఆ రోజులు తలచుకుంటే నిద్రలో నడిచినట్టే ఉంటుంది.

"వయసు బిడ్డా, గట్లనే ఉంటది," అంది అమ్మ. కానీ చేపల పులుసు కూడా ముట్టకపోయేసరికి ఆమే భయపడింది. ఇద్దరం కలిసి గద్వాల దవాఖానకు తీసుకుపోయాం.

రక్తపరీక్షల్లో ఏమీ తేలలేదు. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకొని, "పొద్దుగాల లేస్తే ఎట్లనిపిస్తది పెద్దాయనా?" అని అడిగింది.

నాయిన కిటికీవైపు తిరిగాడు. "లేవబుద్ధి కాదమ్మా. ఏడుపన్న రాదు. ఎందుకున్ననో తెల్వదు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మనాదా అమ్మా? మనసుల దిగులు పట్టిందా?"

"అట్లనే అనుకోండి. ఇది ముసలితనం కాదు, జబ్బు. మందులతోని తగ్గుతది, జర టైం పడతది. ఒంటరిగ వదలకండి."

మాత్రలు మొదలుపెట్టాక కూడా వారాలు గడిచాయి. నిద్ర కుదిరింది, రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు, అంతే. రోజూ పొద్దున అమ్మ ఆయన చెయ్యి పట్టి రేవుదాకా నడిపించేది. ముగ్గురం రాళ్ల మీద కూర్చునేవాళ్లం.

ఒకరోజు అమ్మ లేచి, పుట్టి తిరగేసి నీళ్లలోకి తోసింది. ఏనాడూ మోకాలి లోతు దాటని మనిషి, ఎక్కి తెడ్డు పట్టుకుంది. పుట్టి ఉన్నచోటే గిర్రున తిరిగింది. మంచులో ఆమె ఎర్రచీర కనబడుతూ, మాయమవుతూ ఉంది.

"అమ్మా, దిగు!" అని అరిచాను.

నాయిన లేచాడు. "గట్ల కాదే! తెడ్డు ముందటికేసి నీదిక్కు గుంజు!"

"నాకేం తెలుస్తది? నువ్వొచ్చి చూపియ్యి!"

పంచె తడుస్తున్నా చూసుకోకుండా నీళ్లలోకి దిగి, పుట్టి ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఆ తెలుపులో కలిసిపోయారు. నీళ్ల మీదుగా అమ్మ నవ్వు మాత్రం వినిపించింది.

పూర్తిగా మానిందని చెప్పలేను. ఇప్పటికీ కొన్ని పొద్దులు ఆయనకు బరువుగానే ఉంటాయి. అలాంటప్పుడు నాకు ఫోన్ చేస్తాడు.

"ఇయ్యాల మనసు బాగలేదు బిడ్డా. జరసేపు మాట్లాడు."

నేను పని పక్కన పెట్టి, మా వీధి ముచ్చట్లు చెబుతూ కూర్చుంటాను. మెల్లగా ఆయనా ఏదో ఒకటి అడుగుతాడు.