బోనులో రెండోసారి

కృపానందం గారిది కొబ్బరి దింపు పని. మా రాజోలు వైపు తోటల్లో ఆయన ఎక్కని చెట్టు తక్కువ. దింపు అయ్యాక, తోట పక్క గుడిసెలో ముసలమ్మకి ఓ బొండాం కొట్టిచ్చి గానీ సైకిలెక్కేవారు కాదు. అటువంటి మనిషిని లారీ గుద్దింది. కుడికాలు మోకాలి పైదాకా తీసేసేరు.

నష్టపరిహారం కేసు అమలాపురం కోర్టులో నడిచింది. బోనెక్కిన రోజున బీమా కంపెనీ ప్లీడరు ఎంతో మర్యాదగా, "ఇప్పుడెలా ఉన్నారండీ?" అని అడిగేడు. ఈయన చేతులు జోడించి, "ప్రభువు దయవల్ల బాగానే ఉన్నానండీ" అన్నారు. మా పేటలో ఎవరు పలకరించినా అదే జవాబు. జ్వరంతో మూలుగుతున్నా అదే. కోర్టులో ఆ మాట రాసుకున్నారు. మనిషి కోలుకున్నాడు, కూర్చుని ఏదో ఒక పని చేసుకోగలడు అని తీర్పులో వచ్చింది. పరిహారం అలా తగ్గిపోయింది.

భార్య కాంతమ్మ గారు ఊరుకోలేదు. "ఆ ప్లీడరేమన్నా మీ మేనమామా, కుశలం అడగడానికి?" అని దులిపేసేరు. వీళ్ళ తరఫు ప్లీడరు విజయకుమార్ గారి చేత హైకోర్టులో అప్పీలు వేయించేరు. చెట్టెక్కి బతికేవాడికి కాలు పోతే ఇంక మిగిలిందేమిటో మళ్ళీ విచారించమని హైకోర్టు కేసును అమలాపురం పంపింది.

వాయిదా ముందు ఆదివారం, ప్రార్థన అయ్యాక కృపానందం గారు దిగులుగా భార్యని అడిగేరు. "బాగోలేదంటే దేవుడి మేలు మరిచినట్టు కాదుటే?"

"దేవుడికి మీ కాలు సంగతి తెలుసండీ. జడ్జిగారికి ఎవరు చెప్తారు?"

ఆయన చేతిలో బైబిలు మూసి పక్కన పెట్టేరు. "ఆయ్, చెప్తాను" అన్నారు.

ఆటో దొరబాబు ఆ పూట బేరాలు మానుకుని తీసుకెళ్ళేడు. తోడు నేనూ వెళ్ళేను. అదే ప్లీడరు, అదే నవ్వు. "ఎలా ఉన్నారండీ?"

జోడించబోయిన చేతులు బోను కమ్మీని పట్టుకున్నాయి.

"బాగోలేదండీ. చెట్టెక్కలేను. కాయలు వలుద్దామంటే పాతిన గునపం మీద కాయ గుచ్చడానికి ఒంటికాలు ఆనదు. దొడ్డికెళ్ళాలన్నా మా ఆవిడ భుజం కావాలి. లేని కాలు రాత్రుళ్ళు మండుతుందండీ."

రాసింది చదివి వినిపించేరు. సంతకానికి కలం ఇస్తే ఆయన అందుకోలేదు.

"అయ్యా, మంట సంగతి రాలేదండీ. అదీ రాయించండి."

జడ్జిగారు రాయించేరు. అప్పుడు సంతకం పెట్టేరు.

దేవునికి స్తోత్రం, కొత్త తీర్పులో పని మొత్తం పోయినట్టే లెక్కగట్టేరు. ఆ మంటకి కూడా విడిగా కొంత సొమ్ము కలిపేరు.