నడిచొచ్చాక రెండు ఇడ్లీలు

నాకు నలభై ఒకటో ఏడు నడుస్తుండగా మేడ్చల్‌లో డాక్టరమ్మ నా రక్తపరీక్ష కాగితం చూసి, "షుగర్ ఇంకా రాలేదు కానీ వచ్చేలా ఉంది. ఓ పది కిలోలు తగ్గితే మంచిది" అంది. అప్పుడు నా బరువు డెబ్బై ఎనిమిది. నేను స్కూల్లో లెక్కల టీచర్ని. ఆమె పది అని ఒక అంకె చెప్పేసరికి నాకు భయం పోయి హుషారు వచ్చింది. అంకె తెలిస్తే ఎలాగోలా సాధించొచ్చని నా నమ్మకం.

మా కాలనీ మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో ఉంది. నా చిన్నప్పుడు అక్కడ ద్రాక్షతోటలు ఉండేవి. ఇప్పుడన్నీ రెండంతస్తుల ఇళ్లు. మా పక్కింట్లో భీమవరం వైపు నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఆయనది బ్యాంకు ఉద్యోగం. ఆవిడ నాకంటే పదేళ్లు పెద్ద. అప్పటిదాకా గోడ మీంచి కరివేపాకు ఇచ్చిపుచ్చుకోవడం తప్ప మా ఇద్దరికీ పెద్దగా మాటల్లేవు. మోకాళ్ల నొప్పులకు ఆవిడని కూడా బరువు తగ్గమన్నారని ఒకరోజు తెలిసింది.

"రేపట్నుంచి నడుద్దామా టీచరుగారూ? ఒక్కదాన్నే వెళ్లాలంటే బద్ధకం. కుక్కలంటే భయం కూడాను" అంది.

"నడుద్దాం అక్కా. పొద్దుగాల ఐదున్నరకు గేటు కాడ ఉంట" అన్నాను.

కార్తీకమాసం వెళ్లిపోయే రోజులు. చలి బాగా ఉండేది. నేను తలకు స్కార్ఫ్ కట్టుకుని, ఆవిడ వాళ్లాయన స్వెట్టర్ వేసుకుని శామీర్‌పేట దారి పట్టేవాళ్లం. రోడ్డు పక్కన నీలగిరి చెట్ల మధ్య మంచు ఇంకా కదలకుండా ఉండేది. రెండున్నర కిలోమీటర్లు వెళ్లి మళ్లీ వెనక్కి. తిరిగొచ్చేసరికి కాలనీ మలుపులో టిఫిన్ బండి తెరిచి ఉండేది. ఇడ్లీ పాత్ర మూత తీస్తే ఆవిరి రోడ్డు దాకా వచ్చేది.

మా గొడవంతా ఆ బండి దగ్గరే మొదలైంది.

ఇద్దరం ఫోన్లో తిండి లెక్కలు రాసుకునే ఒకే యాప్ పెట్టుకున్నాం, చేతులకు అడుగులు లెక్కపెట్టే వాచీలు కట్టుకున్నాం. రోజుకు పద్నాలుగు వందల కేలరీలు తినాలని యాప్ చెప్పింది. నడిచి రాగానే మాత్రం, మీరు మూడు వందల ఇరవై ఖర్చు చేశారు కాబట్టి ఇంకా అంత తినొచ్చు అని చూపించేది.

"చూశారా, అదే తినమంటోంది" అని ఆవిడ బండి ముందు బల్ల మీద కూర్చుంది. "రెండిడ్లీ, అల్లం చట్నీ. మీకూ చెప్పనా?"

"నాకొద్దు అక్కా. మళ్ల తినేదానికి ఇంత దూరం నడుసుడెందుకు? ఇంట్ల పండుకుంటె అయిపాయె గదా."

"నడిచింది మనమేనండీ. ఆకలేసింది మనకే. తింటే తప్పేంటి?"

"పద్నాలుగు వందలంటే పద్నాలుగు వందలే. నడిసింది వేరే."

ఆవిడ నవ్వి ఇడ్లీ తుంచింది. నేను చక్కెర లేని టీ తాగుతూ పక్కన కూర్చున్నాను. ఆ చట్నీ వాసన ఇప్పటికీ గుర్తే. అప్పుడు దాన్ని చూడకుండా ఉండడానికి రోడ్డు మీద పోయే బస్సుల నంబర్లు చదువుకునేదాన్ని.

నెలన్నర తిరిగేసరికి నేను నాలుగు కిలోలు తగ్గాను. ఆవిడ అరకిలో పెరిగింది. నాకు లోపల్లోపల గర్వంగానే ఉండేది, దాచుకోవడం ఎందుకు. స్టాఫ్ రూంలో అందరూ, మస్తు తగ్గినవ్ మేడం, ఏం జేస్తున్నవ్ అని అడిగితే కొంగు సర్దుకుంటూ చెప్పేదాన్ని. దువ్వెన నిండా జుట్టు రావడం, సాయంత్రం కాగానే ఇంట్లో అందరి మీదా కస్సుమనడం ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు ఏడో తరగతిలో బోర్డు మీద ఏడెనిమిదులు యాభై నాలుగు అని రాశాను. పిల్లలు అలాగే నోట్సుల్లోకి దించుకున్నారు. చివరికి మొదటి బెంచీలో ఒక అమ్మాయి, "మేడం, యాభై ఆరు" అంది మెల్లగా. దిద్దాల్సింది పోయి ఆ పిల్ల మీదే అరిచాను. ఆకలి అలా కూడా ఉంటుందని నాకప్పుడు తెలియలేదు.

సంక్రాంతి సెలవులయ్యాక ఒక ఆదివారం కీసర గుట్ట ఎక్కుదామని ఆవిడే అంది. షేర్ ఆటోలో వెళ్లాం. పొద్దున ఒక్క ఆపిల్ తిని బయల్దేరాను. ఎక్కేటప్పుడు బాగానే ఉంది. పైన దర్శనం చేసుకుని కూర్చున్నప్పుడు వాచీ చూస్తే ఆరు వందలు దాటింది. ఆవిడ సంచీలోంచి పులిహోర డబ్బా తీసింది.

"ఈరోజన్నా తినండి. ఇన్ని మెట్లెక్కారు."

"ఇంటికి పోయినంక తింట అక్కా. గీ ఆరు వందలు ఊకె పోనియ్యను."

దిగుతుంటే సగం దారిలో కళ్ల ముందు తెల్లగా అయిపోయింది. చెవుల్లో ఏదో హోరు. రెయిలింగ్ పట్టుకున్నానని అనుకున్నాను, నిజానికి పట్టుకున్నది ఆవిడ చెయ్యి. మెట్టు మీద కూలబడ్డాను. ఎవరో నీళ్ల సీసా ఇచ్చారు. ఆవిడ నా మొహం తుడిచి, డబ్బా మూత తీసి, చేత్తో పులిహోర ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టింది.

"ఒద్దక్కా, జర ఆగు..."

"లెక్కలు తర్వాత చూసుకుందాం. ముందు నోరు తెరువు."

అంతవరకూ నన్ను మీరనే పిలిచేది. ఆ ఒక్క మాటతో అది పోయింది. నేను నోరు తెరిచాను. పులుపు, ఇంగువ, వేరుశెనగ గింజలు. నాలుగు ముద్దలు తినేసరికి కళ్లల్లో నీళ్లొచ్చాయి. బాధకో, సిగ్గుకో, రుచికో చెప్పలేను. ఆవిడ డబ్బా ఖాళీ అయ్యేదాకా పెడుతూనే ఉంది.

తిరుగు ప్రయాణంలో ఆటో వెనక సీట్లో కూర్చున్నాం. రోడ్డు తవ్వి వదిలేశారు, ఒకటే కుదుపులు. మధ్యలో ఆవిడ వాచీ గుర్రుమంది. చూసి, "ఇదేంటి, ఇంకో రెండు వేల అడుగులు వేశానంటోంది" అంది. ఆటోలో కూర్చునే. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇగ నవ్వు ఆగలేదు. డ్రైవరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

నవ్వు అయిపోయాక నాకు అనుమానం పట్టుకుంది. సోమవారం ఒకే దారిలో పక్కపక్కన నడిచి వాచీలు చూశాం. నాది మూడు వందల ఇరవై అంటే ఆవిడది నాలుగు వందల పది అంది. మర్నాడు వాచీలు మార్చుకున్నాం. ఆవిడ వాచీ నా చేతికి ఉన్నా నాలుగు వందలే చూపించింది. ఆ అంకెను నమ్మి ఆవిడ ఇడ్లీ మీద ఒక వడ కూడా తింటోంది. నేనేమో అసలేమీ తినకుండా గుట్ట మీద పడ్డాను.

"అంటే మనిద్దరం తప్పేనంటావా?" అంది.

"వాచీలు గూడ తప్పే అక్కా" అన్నాను.

ఆ వారమే రావల్కోల్‌లో మా అమ్మ దగ్గరికి వెళ్లాను. అమ్మకు అక్కడ ఇంటి వెనక కొంచెం బెండ, కొంచెం టమాట ఉంది. మా చిన్నప్పుడు అమ్మ ద్రాక్షతోటల్లో కూలికి వెళ్లేది. సెలవురోజుల్లో నేనూ వెంట వెళ్లేదాన్ని. మధ్యాహ్నం పందిరి కింద ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చుని సద్ది మూటలు విప్పేవాళ్లు. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ కారం, ఉల్లిగడ్డ. అమ్మ మూడు రొట్టెలు తినేది. పని లేని రోజు ఇంట్లో ఒకటే తినేది. ఆమె అలా తినడం ఎన్నోసార్లు చూశాను, కానీ ఎన్నడూ దాని గురించి ఆలోచించలేదు.

ఆ రోజు అమ్మతో కలిసి బెండ మడిలో కలుపు తీశాను. పదింటికల్లా వీపు మండింది, కడుపులో గట్టిగా ఆకలి వేసింది. అమ్మ రొట్టె చేతిలో పెట్టింది. అలవాటుగా ఫోన్ తీశాను.

"ఏందే బిడ్డా, తినేటప్పుడు గా ఫోన్ల ఏం జూస్తున్నవ్?"

"రొట్టెకు ఎన్ని కేలరీలున్నయో రాసుకుంటున్న అమ్మా. నడిస్తే, పని జేస్తే కొన్ని తగ్గుతయి. మళ్ల తినాల్నా వద్దా అని పరేషాన్."

అమ్మ ఉల్లిగడ్డ చిదిమి నా రొట్టె మీద పెట్టింది. "పని జేసిన నాడు ఆకలైతది, తినాలె. కూసున్న నాడు అంత కాదు, తక్వ తినాలె. నీకిప్పుడు ఆకలైతాందా లేదా?"

"అయితాంది."

"మరి తిను."

రెండు రొట్టెలు తిన్నాను. మూడోది అడగబుద్ధి కాలేదు. కడుపు చాలంది. అలా చాలని తెలిసి ఎన్నాళ్లైందో గుర్తు చేసుకుందామని చూశాను, గుర్తు రాలేదు.

తర్వాత డాక్టరమ్మను కూడా అడిగాను. కళ్లు తిరిగిన సంగతి విని కోప్పడింది. వాచీ చెప్పేది అంచనా మాత్రమే అంది. అదంతా తిరిగి తింటే కొందరు తగ్గరు, అసలు తినకపోతే కొందరు ఇలా పడతారు, ఎక్కువ కష్టపడిన రోజు కొంత తినండి, నెలకోసారి బరువు చూసి సర్దుకోండి అంది. నేనూ అక్కా కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాం. మామూలు నడక రోజు ఆకలి ఉంటే ఒక ఇడ్లీ, లేకపోతే టీ. గుట్ట ఎక్కిన రోజు కడుపునిండా టిఫిను. కొన్నాళ్లకు ఆవిడ బండి ఇడ్లీ మానేసి ఇంట్లోనే పెసరట్టు పోసి గోడ మీంచి అందించేది. వేడికి స్టీలు ప్లేటు పట్టుకోలేక ఇద్దరం చేతులు మార్చుకునేవాళ్లం.

ఏడాదికి నేను మొత్తం ఏడు కిలోలు తగ్గాను. ఆవిడ నాలుగు. డాక్టరమ్మ చెప్పిన పది ఇప్పటికీ పూర్తి కాలేదు, కానీ షుగర్ రాలేదు, జుట్టు ఊడడం ఆగింది. ఏడో తరగతి అమ్మాయిని పిలిచి, ఆ రోజు తప్పు నాదేనని చెప్పాను. ఆ పిల్ల ఎప్పుడో మరిచిపోయింది.

ఆ తర్వాత వేసవిలో అక్క వాళ్లాయన రిటైరయ్యారు. వాళ్లు భీమవరం వెళ్లిపోయారు. వెళ్లేముందు రోజు కూడా నడిచాం. ఎప్పుడూ తిరిగే చోట తిరగకుండా ఇంకో అర కిలోమీటరు ముందుకు పోయాం. ఎందుకని ఇద్దరం అడగలేదు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు టిఫిన్ బండి కూడా ఎత్తేశారు. ఇప్పుడు నేను ఒక్కదాన్నే నడుస్తున్నాను. అక్క భీమవరంలో కాలువ గట్టు మీద నడుస్తుంది. అప్పుడప్పుడు ఆ వేళకే ఫోన్ చేస్తుంది. ఏం తిన్నావ్ అనే మొదలుపెడుతుంది. నేను చెబుతాను, తనూ చెబుతుంది. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడం. ఫోన్లో ఆవిడ చెప్పుల చప్పుడు వినిపిస్తుంటుంది. నేనూ అదే వేగంతో నడుస్తాను.