ఫంక్షన్ హాల్లో పుట్టిల్లు

మొన్న పొద్దున చాయ్ తాగుతూ ఫోన్ తెరిస్తే మా సంస్థ పాత ప్రెసిడెంటు గారి నుంచి ఒక ఆహ్వానం వచ్చి ఉంది. స్వచ్ఛంద సంస్థలు విరాళాల కోసం కొత్త కొత్త కార్యక్రమాలు ఎట్లా చేయాలో ఆయన హనుమకొండలో ఒక హోటల్లో రోజంతా శిక్షణ ఇస్తారట. మధ్యాహ్నం భోజనం కూడా అక్కడేనట. ఎవరి పిచ్చి వారికానందం అని ఊరుకునేదాన్నే, కానీ కింద ఏళ్ల కిందటి ఫోటో ఒకటి పెట్టారు. అందులో పట్టుచీర కట్టిన ఒకామె ముందు, ఆకుపచ్చ జాకెట్టు వేసుకున్న ఒక పెద్దావిడ చెయ్యి చాచి నిలబడి ఉంది. దాని కింద 'అందుకునే చేతుల్లో ఆనందం' అని రాశారు. ఆ చాచిన చెయ్యి మా అక్కది. అది అందుకునే చెయ్యి కానే కాదు. ఆ మనిషికి సిగ్గన్నది పుట్టుకతోనే లేదా, మధ్యలో ఎక్కడైనా పారేసుకున్నాడా అని చాలాసేపు తిట్టుకుంటూ కూర్చున్నాను.

అక్క అంటే మా పెదనాన్న కూతురు. లింగాల ఘనపూర్‌లో మా పెదనాన్న ఇల్లంటే ఒకప్పుడు పెద్ద పేరు. అక్కకు తోడబుట్టినవాడు ఒక్కడే, మా అన్న. పొలాలు, మిల్లు, ఏదో ఒక పార్టీలో ఏదో ఒక పదవి, ఎప్పుడూ ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా. అక్కను జనగామలో ఇచ్చారు. బావ పొలం కాడ మోటారు వేయబోయి స్టార్టరు డబ్బా దగ్గర కరెంటు కొట్టి పోయాడు. నేను కరెంటాఫీసులోనే కొలువు చేసి రిటైరైనదాన్ని, ఆ డబ్బా పేరెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. బావ పోయిన తర్వాత అక్క కుట్టు మిషన్ పెట్టుకొని ఇద్దరు పిల్లలను సాకింది. ఎవరి ముందూ కొంగు చాపలేదు. ఒక్కదానికి మాత్రం లోలోపల ఎదురుచూసేదని నాకు తెలుసు. అది ఒడిబియ్యం.

మా దిక్కు ఆడపిల్లకు పెళ్లయ్యాక ఏడాదికో, మూడేళ్లకో పుట్టింటివాళ్లు పిలిచి, చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు ఒడి నిండా పోసి పంపిస్తారు. అన్నావదినలు కూడి పోయాలి. పోసినాక ఆ పిల్ల తన ఒడిలోంచి ఐదు పిడికిళ్లు తీసి వదిన కొంగులో వేసి, పుట్టిల్లు చల్లగుండాలని దీవించి గడప దాటుతుంది. తెచ్చుకున్న బియ్యాన్ని ఇంటికాడ వండి వాడకట్టు అందరికీ పెడుతుంది. పుట్టింట్లో తన పేరు ఇంకా ఉందని ఊరికి చెప్పుకోవడమే అది. అయితే భర్త పోయిన ఆడపిల్లకు ఒడిబియ్యం పోయరు. ఎందుకు పోయరని చిన్నప్పుడు మా అవ్వనడిగితే, "పొయ్యరంటె పొయ్యరు, నోరు మూసుకొని తిను" అన్నది. పెద్దయ్యాక ఎందరినడిగినా అంతకు మించిన జవాబు దొరకలేదు.

ఇక సంస్థ సంగతి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో మగదిక్కు లేని ఆడవాళ్లకు కుట్టు, అప్పడాలు, పచ్చళ్లు నేర్పే చిన్న సంస్థ అది. రిటైరయ్యాక ఇంట్లో ఖాళీగా కూర్చోలేక నేనూ కమిటీలో చేరాను. జనగామలో కుట్టు కేంద్రానికి గోడలు లేచాయి గానీ పైన కప్పు లేదు. వానొస్తే మిషన్ల మీద యూరియా సంచులు కప్పి, ఆడవాళ్లు, వాళ్లలో మా అక్కా, పక్కింటి అరుగెక్కి నిలబడేవాళ్లు. రేకులు వేయాలంటే విరాళాలు కావాలి. మా బాపు కాలంలోనైతే ఇద్దరు పెద్దమనుషులు సంచి పట్టుకొని కల్లాలు తిరిగేవాళ్లు. తూర్పారబట్టిన కుప్పలోంచి ఎవరికి తోచినంత వారు పోసేవారు, ఎవరెంత పోశారని అడిగిన పాపాన ఎవరూ పోయేవారు కాదు. మా ఊరి బడికి కప్పు అట్లాగే పడింది. ఇప్పుడు సంచి పట్టుకుంటే నామోషీ. కార్యక్రమం కావాలి, దానికొక పేరు కావాలి, వెనకాల ఫ్లెక్సీ కావాలి.

ప్రెసిడెంటు గారు హైదరాబాదులో ఇట్లాంటి శిక్షణకే పోయి బుర్ర నిండా ఐడియాలు వేసుకొచ్చారు. మొదటిది పరుగు పందెం. జనగామలో మనుషులు పరుగెత్తేది రైలందుకోవడానికే, మిగతా షుగరు జనమంతా ఎట్లాగూ పొద్దున్నే మైదానం చుట్టూ నడుస్తూనే ఉన్నారు, వాళ్లనే పైసలు కట్టి నడవమంటే ఇంట్లో కూర్చుంటారని నేనన్నాను. రెండోది 'పేదల పూట'. డబ్బున్నవాళ్లు ఏసీ హాల్లో కింద కూర్చొని మక్కరవ్వ ఉడికించిన గట్క, పచ్చిపులుసు తిని, పేదరికం ఎట్లుంటుందో తెలుసుకొని చందా రాస్తారట. మా ఇంట్లో రోజూ అదే తిని పెరిగాము, మాకెవరూ చందా రాయలేదు అన్నాను. మూడోది విన్నప్పుడు మాత్రం నా నోరు మూతపడింది. దాని పేరు 'ఒడి నింపుదాం'. దాతల జంటలు వచ్చి, భర్త పోయిన ఆడవాళ్లకు పుట్టింటివాళ్లలాగా ఒడిబియ్యం పోస్తారు. నిజం చెప్పొద్దూ, ఆయన మీద నాకు గౌరవం కలిగింది. మా అవ్వ చెప్పలేకపోయిన జవాబు ఈయన చేసి చూపిస్తాడనుకున్నాను.

అక్క కూడా తన పేరు రాయించుకుంది. పేరు ఖాయమైందని కబురు చెప్పడానికి నేను పోతే మిషన్ ఆపేసి నా చెయ్యి పట్టుకుంది. "నాకు బొట్టు వద్దు, పువ్వులొద్దు చెల్లే. బియ్యం పోస్తె సాలు. నాకూ ఒక పుట్టిల్లున్నట్టుంటది" అన్నది. ఆ వారమంతా ఊరివాళ్ల బట్టలు పక్కకు పెట్టి తనకు ఆకుపచ్చ జాకెట్టు కుట్టుకుంది. బియ్యం తెచ్చుకోవడానికి కొత్త గుడ్డసంచి కుట్టింది. అంతటితో ఆగితే బాగుండేది. ఐతారం ఒడిబియ్యం అన్నం తినడానికి రమ్మని వాడకట్టంతా ఇంటింటికీ చెప్పి వచ్చింది.

ఆ రోజు జనగామ ఫంక్షన్ హాలు పెళ్లికి అలంకరించినట్టుంది. చిల్పూర్ నుంచి, టేకుమట్ల నుంచి, మహబూబాబాద్ తండాల నుంచి ఆడవాళ్లను బస్సుల్లో తీసుకొచ్చారు. నేనూ అక్కా లోపలికి పోయేసరికి వేదిక మీద వరుసగా వేసిన కుర్చీల్లో పట్టుచీరలు, నిండా గాజులు, నుదుట రూపాయంత బొట్లతో ఎవరో కూర్చొని ఉన్నారు. మావాళ్లనందరినీ వెనక ప్లాస్టిక్ కుర్చీల్లోకి తోలారు. నేను పోయి ప్రెసిడెంటు గారిని పక్కకు పిలిచి ఇదేందని అడిగాను. ఆయన చెమట తుడుచుకున్నారు.

"జర సమజ్ చేసుకోండ్రి మేడమ్. రాత్రి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. డోనర్ల ఇండ్లల్ల ఆడోళ్లు భయపడుతున్నరు. ముండమోసినోళ్లకు ఒడిబియ్యం పోస్తె మాకేమన్న అయితదేమో అంటున్నరు. అందుకే డోనర్ల చుట్టాలనే కూసోవెట్టినం. సింబాలిక్ అన్నట్టు."

"మరి వీళ్లను బస్సులు పెట్టి ఎందుకు తెప్పిచ్చిండ్రు?"

"జనం కనవడాలె గద మేడమ్."

నేను అక్క దగ్గరికి తిరిగొచ్చాను. అక్కకు ఏమని చెప్పను? చెప్పే పని లేకపోయింది, ఆమెకు కళ్లున్నాయి. "పోదాం పా అక్కా" అంటే, "కూసో. వచ్చినం గద, సూద్దాం" అన్నది. గుడ్డసంచిని నాలుగు మడతలు పెట్టి ఒళ్లో పెట్టుకుంది.

మైకులో పేర్లు చదువుతుంటే దాతల జంటలు ఒక్కొక్కటే ఎక్కి, ఎదురుగా కూర్చున్న పట్టుచీర ఒడిలో బియ్యం పోసి, ఫోటో దిగి, కింద చందా చీటీ ఇచ్చి పోతున్నారు. నాకు అన్నిటికంటే అసహ్యం పుట్టించింది ఆ తర్వాత జరిగిన పని. జంట దిగంగానే ఆ పట్టుచీర ఆమె లేచి ఒళ్లోని బియ్యాన్ని మళ్లీ ప్లాస్టిక్ టబ్బులోకి దులిపేస్తోంది. అవే బియ్యం ఇంకో జంట తీసి ఇంకొకరి ఒళ్లో పోస్తోంది. మా ఇళ్లలో ఒడిలో పడిన గింజ మళ్లీ గంపలోకి పోదు. అక్కడ మాత్రం పొద్దంతా ఆ టబ్బెడు బియ్యమే ఒడి నుంచి ఒడికి తిరిగాయి. మా పక్కన కూర్చున్న తండా ఆమె అంతసేపూ చూసి, "అక్కా, మా లంబాడోళ్లల్ల గీ పద్ధతి లేదు. గా బియ్యం వాళ్లకా, మనకా?" అని అడిగింది. "ముందు వాళ్లకే బిడ్డా. మిగిలినయి మనకు" అన్నది అక్క.

అంతలో మైకు గొంతు పెంచింది. లింగాల ఘనపూర్ నుంచి విచ్చేసిన దాత దంపతులు, ఆడబిడ్డల పాలిటి అన్నగారు అంటూ మా అన్న పేరు చదివింది. తెల్ల చొక్కాతో ఆయన, నెమలికంఠం రంగు పట్టుచీరలో వదిన మెట్లెక్కారు. ఎవరో ముక్కూమొహం తెలియని ఆడమనిషి ఒళ్లో మా అన్న దోసిళ్లతో బియ్యం పోశాడు, కొసరు కూడా పోశాడు. హాలంతా చప్పట్లు. సొంత చెల్లెలు వెనక వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో ఉంది. నేను పళ్లు కొరికాను. అక్క మెడ సాచి చూసి, "అన్న సన్నవడ్డడే" అన్నది. అంతే అన్నది.

చివర్లో ఆ టబ్బులోని బియ్యాన్నే కవర్లలో కట్టి 'పుట్టింటి కానుక' అని మావాళ్లకు పంచారు. పెద్ద దాతల చేతుల మీదుగా అన్నారు కనుక అన్నావదినలే నిలబడ్డారు. కవరు ఇవ్వడానికి ఏ భయమూ లేదు కాబోలు. అక్క పేరు పిలిచారు. పోవద్దని నేను చీర పట్టుకున్నాను, విడిపించుకొని పోయింది. వదిన కెమెరా వైపు చూస్తూ కవరు చేతిలో పెట్టింది, ఎవరి చేతిలో పెడుతున్నదో చూడలేదు. అక్క అక్కడే నిలబడి కవరు ముడి విప్పి, పిడికెడు బియ్యం తీసి చెయ్యి చాచింది.

"వదినా, కొంగు పట్టు. పుట్టింటికి తిరిగియ్యాలె గద" అన్నది.

వదిన అప్పుడు చూసింది. చూసి, కొంగు భుజం చుట్టూ బిగించుకొని ఒక అడుగు వెనక్కు వేసింది. అన్న గడియారం చూసుకున్నాడు. "అమ్మా, జర ఇటు సూడు" అని ఫోటో తీసేవాడు కేకేశాడు. అక్క ఇటు చూడలేదు. వదిన బిగించుకున్న కొంగు చూసి, పిడికిట్లో బియ్యం మళ్లీ కవర్లో పోసి, ముడి వేసి బల్ల మీద పెట్టింది. "సల్లగుండుండ్రి" అని దిగి వచ్చింది. ఏం జరిగిందో తెలియని హాలు దానికీ చప్పట్లు కొట్టింది.

బయటికొచ్చాక, మా ఇంటికి రమ్మని, నేనూ మా ఆయనా కలిసి ఒడి నిండా పోస్తామని అన్నాను. అక్క నవ్వింది. "నువ్వు పోస్తవు, నాకెరుకే. కని నువ్వూ ఆ ఇంటి ఆడివిల్లవే గదనే. ఆడివిల్లకు ఆడివిల్ల పోసుడు యాడనన్న ఉన్నదా?" అన్నది. పుట్టిల్లంటే నేను కాదు.

ఐతారం అక్క ఇంటికి పోయాను. దుకాణంలో కొన్న బియ్యం వండి, ముద్దపప్పు, చింతపండు చారు చేసి వాడకట్టంతటికీ విస్తర్లు వేసింది. తింటూ తింటూ ఒక ముసలామె, "మీ అన్న మంచిగ పోసిండా బిడ్డా?" అని అడిగింది. "కొంగు నిండ పోసిండవ్వా. ఇంకింత ఏసుకో" అని అక్క ఆమె విస్తట్లో అన్నం వడ్డించింది. ఆ నెలలోనే నేను కమిటీకి దండం పెట్టి బయటపడ్డాను.

వానలు పడకముందే కుట్టు కేంద్రానికి రేకులు పడ్డాయి. ఆ మాట దాచకూడదు. మిషన్ల మీద ఇప్పుడు యూరియా సంచులు కప్పే పని లేదు. గోడ మీద దాతల పేర్లు రాశారు, అన్నిటికంటే పైన మా అన్నావదినల పేరు. దాని కిందే కూర్చొని అక్క ఈ రోజుకూ మిషన్ తొక్కుతుంది. ఎవరైనా చదివి, మీవాళ్లేనా అంటే అవునంటుంది. నాకైతే ఆ గోడ చూసినప్పుడల్లా సున్నం తెచ్చి పులమాలనిపిస్తుంది. అక్క ఆ గోడకు ఎదురుగా కూర్చోదు, వీపు పెట్టి కూర్చుంటుంది.

ప్రెసిడెంటు గారి శిక్షణకు వచ్చేవాళ్లంతా ఇప్పుడా ఫోటో చూసి కార్యక్రమం ఎట్లా చేయాలో నేర్చుకుంటారు. కొంచెం పెద్దది చేసి చూస్తే చాలు, తెలిసిపోతుంది. అడిగే చెయ్యి వెల్లకిలా ఉంటుంది, అది బోర్లా ఉంది, పిడికిలి మూసి ఉంది, వేళ్ల సందున పసుపు గింజ ఒకటి కనిపిస్తుంది. ఎదుటి పట్టుచీర వెనక్కు వంగి ఉంది. అక్కకు జుట్టంతా నెరిసింది, అన్నకు కర్ర చేతికొచ్చింది, రేకులు అంచుల్లో తుప్పు పట్టాయి, కానీ ఆ ఫోటోలో మా అక్క పిడికిలి అట్లాగే చాచి ఉంది, ఇన్నేళ్లయినా దాని కింద ఎవరూ కొంగు పట్టలేదు.