ఒకోత్‌ని పిలిచిన గొంతు

ఎవరైనా దయ్యాల మాటెత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. జరిగింది జరిగినట్టు చెప్తాను, నమ్మమని మాత్రం బతిమాలను.

డెబ్బైల చివర. వరంగల్‌లో మాది మగ్గాల ఇల్లు. వీధివైపు గదిలో జోసెఫ్ అద్దెకుండేవాడు. కెన్యా నుంచి ఇంజనీరింగ్ చదవడానికి వచ్చాడు. బజారుకెళ్తే జనం గుడ్లప్పగించి చూసేవాళ్లు, కొందరు జుట్టు కూడా ముట్టుకునేవాళ్లు. మొదటి ఏడాది నవ్వి ఊరుకున్నాడు. రెండో ఏడాదికి నవ్వు పోయింది, కాలేజీ మానేశాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు.

అమ్మ పంపిన అన్నం అలాగే తిరిగొచ్చేది. రోజుకు రెండు ముద్దలు తింటే గొప్ప. డాక్టరొచ్చి జబ్బేమీ లేదన్నాడు. "గీ పిలగాడు మనింట్లనే పాణమిడుస్తడేమోరా," అని అమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. చూసీ చూసీ మొద్దుబారిపోయాను.

ఒక మధ్యాహ్నం, మూడు దాటింది. నేను నేస్తున్నాను, అమ్మ నూలు కండెలు చుడుతోంది. వాకిట్లో ఎవరో ఆడమనిషి, "ఒకోత్! ఒకోత్!" అని పిలిచింది. అచ్చం అన్నానికి పిలిచినట్టే ఉంది. మగ్గాల చప్పుడులో ఎవరు పిలిచినా తలెత్తకుండా బదులివ్వడం మా ఇంటి అలవాటు. తెలియని పేరు వినబడేసరికి జోసెఫ్ కోసమే ఎవరో వచ్చారనుకుంది అమ్మ. మా ఇంట్లో మనిషి పస్తున్నాడని పరాయివాళ్లకు ఎలా చెప్తుంది? "తింటాండు, ఫికర్ జెయ్యకమ్మా!" అని కేకేసింది.

నేను లేచి వెళ్లి చూశాను. ఎవరూ లేరు.

మూడు వారాలకు జోసెఫ్ వాళ్లన్న దగ్గర నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. లేవలేక నన్నే చదవమన్నాడు. ఇంట్లో అతన్ని ఒకోత్ అంటారని అప్పుడే తెలిసింది. వాళ్లమ్మ రోజూ భోజనం వేళ, అంటే మనకు మూడు దాటాక, ఆ పేరు పెట్టి పిలుస్తుందట. ఒకరోజు ఎవరో ఆడమనిషి బదులిచ్చిందట. అప్పటినుంచి వాళ్లమ్మ మనసు కుదుటపడిందట. ఆ మాట మీ ఊళ్లోదేనా అని అడుగుతూ, ఆవిడ విన్నది ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. కూడబలుక్కుని చదివాను.

తింటాండు.

అమ్మ భయపడుతుందనుకున్నాను. సిగ్గుపడింది. "అయ్యో, ఆ తల్లికి అబద్ధం జెప్తి గదరా!" అంది. అన్నం కలిపి తీసుకెళ్లి అతని పక్కన కూర్చుంది. "తిను బిడ్డా. తింటానవని మీ అమ్మకు జెప్పిన."

జోసెఫ్ లేచి కూర్చున్నాడు. ఏడుస్తూనే పళ్లెమంతా తిన్నాడు.

ఆ గొంతు మా వాకిట్లోకి ఎలా వచ్చిందో, అమ్మ మాట అక్కడిదాకా ఎలా పోయిందో ఈరోజుకీ నాకు అంతు చిక్కలేదు. అతను మళ్లీ కాలేజీలో చేరి చదువు ముగించి వెళ్లేదాకా, మధ్యాహ్నం పళ్లెం ఖాళీ కాగానే అమ్మ వాకిట్లోకి వెళ్లి, "తిన్నడమ్మా," అని చెప్పి వచ్చేది.